పదాలన్నీ తెలుసు, వాక్యమే అర్థం కాదు: నా అనుభవం

నాకున్నది వొకాబ్యులరీ సమస్య అని చాలా ఏళ్లు అనుకున్నాను. పక్కన డిక్షనరీ పెట్టుకుని రోజుకు పది కొత్త పదాలు రాసుకునేదాన్ని, అయినా ఇంగ్లీష్ పేపర్లో ఎడిటోరియల్ తీస్తే రెండో పేరాలోనే ఆగిపోయేదాన్ని. తీరా చూస్తే ఆగిన వాక్యంలో నాకు తెలియని పదం ఒక్కటీ ఉండేది కాదు.

నన్ను బాగా ఏడిపించిన వాక్యం ఇది: 'ద లెటర్ సెంట్ టు హర్ బ్రదర్ వాజ్ నెవర్ ఓపెన్డ్'. తొమ్మిదే మాటలు. 'ఉత్తరం... పంపింది... వాళ్ల అన్నయ్యకి...' అనుకుంటూ వెళ్లి 'వాజ్' దగ్గర ఆగిపోయాను. ఉత్తరం పంపడమేంటి, పంపడం అయిపోయాక మళ్లీ ఈ 'వాజ్' ఎందుకు? నాలుగైదు సార్లు చదివినా తెగలేదు. చివరికి ఇదే సంగతి నేనైతే ఎలా చెప్తానా అని తెలుగులో రాసి చూశాను: 'వాళ్ల అన్నయ్యకి పంపిన ఉత్తరాన్ని ఎవరూ తెరవలేదు'.

అక్కడ తట్టింది. మనకి 'పంపింది' వేరు, 'పంపిన' వేరు. 'పంపిన' అని వినగానే మాట ఇంకా పూర్తి కాలేదని, వెనకాల ఏదో వస్తుందని చెవికే తెలిసిపోతుంది. ఇంగ్లీష్‌లో ఆ రెండిటికీ 'సెంట్' ఒక్కటే! పైగా మనం వివరమంతా ముందు చెప్పి ఆ తర్వాత ఉత్తరం అంటాం, వాళ్లు ఉత్తరం అని ముందే అనేసి వివరాన్ని వెనక తగిలిస్తారు, మధ్యలో ఉండాల్సిన 'విచ్ వాజ్' కూడా తీసేస్తారు. 'రిటెన్' లాంటి మాటైతే 'రోట్' కాదు కాబట్టి పట్టేయొచ్చు, 'సెంట్', 'టోల్డ్', 'ఫౌండ్' లాంటివాటి దగ్గరే చిక్కంతా.

అప్పటి నుంచి పెన్సిల్ పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ముందు అసలు క్రియ ఎక్కడుందో వెతికి గీత గీస్తాను, ఆ పని ఎవరిదో వెనక్కి వెళ్లి చూస్తాను, మధ్యలో మిగిలినదాన్ని బ్రాకెట్లో పెట్టేస్తాను. 'ద మాన్ హూజ్ కార్ ద పోలీస్ ఫౌండ్ నియర్ ద రివర్ హాజ్ డినైడ్ ఎవ్రీథింగ్' అని ఉందనుకోండి, 'హూజ్' నుంచి 'రివర్' దాకా బ్రాకెట్ పెడితే ఆ మనిషి అన్నీ కాదన్నాడు అన్న ముక్క విడిగా కనిపిస్తుంది. తర్వాత బ్రాకెట్ విప్పి చూస్తే, నది దగ్గర పోలీసులకి దొరికిన కారు అతనిదన్నమాట. మొదటి రెండు వారాలు ఒక్క పేజీకి గంట పట్టేది, విసుగొచ్చేది కూడా. నెల దాటేసరికి చాలా వాక్యాలకి పెన్సిల్ అక్కర్లేకపోయింది.

'ద హార్స్ రేస్డ్ పాస్ట్ ద బార్న్ ఫెల్' అనే వాక్యం గురించి చదివాక మాత్రం నా మనసు కుదుటపడింది. థామస్ బీవర్ అనే ఆయన 1970లో రాసిన వ్యాసంలోది. కొట్టం పక్కగా పరిగెత్తించిన గుర్రం పడిపోయింది అని అర్థం. ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా 'ఫెల్' దగ్గర తడబడతారట, ఇలాంటివాటికి గార్డెన్ పాత్ వాక్యాలని పేరు కూడా ఉంది. ఇక్కడా చిక్కు నా ఉత్తరంలో ఉన్నదే, 'రేస్డ్' అంటే పరిగెత్తిందా, పరిగెత్తించినదా అని.

మాటల వరస తిరగేసే వాక్యాలు ఇంత కష్టపెట్టలేదు. 'హాడ్ ఐ నోన్' చూసి ప్రశ్న అనుకునేదాన్ని, అది 'ముందే తెలిసుంటే' అని ఒకసారి అర్థమయ్యాక మళ్లీ పొరపాటు పడలేదు. 'నాట్ అంటిల్ ద రెయిన్ స్టాప్డ్ డిడ్ దే లీవ్' అన్నదాన్ని వాళ్లు బయల్దేరలేదనే చదివాను. నిజానికి వాన తగ్గాకే బయల్దేరారు. ఆ 'తగ్గాకే'లో మనం చివర చిన్న 'ఏ'తో చెప్పేదాన్ని వాళ్లు వాక్యం వరసే మార్చి చెప్తున్నారు.

ఇప్పటికీ లొంగనిది ఒకటుంది. 'హి డిడ్ నాట్ లీవ్ బికాజ్ హి వాజ్ యాంగ్రీ'. కోపం వచ్చి వెళ్లకుండా ఉండిపోయాడా, వెళ్లాడు గానీ కోపం వల్ల కాదా? రెండు అర్థాలూ సరిపోతాయి. ఇలాంటి చోట ఎంత గీసినా లాభం లేదు, తర్వాతి వాక్యం చదివాకే తేల్చుకుంటున్నాను.