ఒహాయోలో పాత మోటారు సైకిళ్ల సంత

లెక్సింగ్టన్ దగ్గరి మిడ్-ఒహాయో రేస్ ట్రాక్‌లో అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ జులైలో జరిపే వింటేజ్ మోటార్‌సైకిల్ డేస్‌కు ఈసారి కుటుంబంతో ఆర్వీలో (పడకలు, వంటగది ఉండే ఇంటిబండిలో) వెళ్లాము. కొలంబస్ నుంచి ఐ-71 హైవే మీద దూరం తక్కువే అయినా, రాత్రి అక్కడే బస చేస్తే తెల్లవారగానే, ఎండ ముదరకముందే, విడిభాగాల సంతలో తిరగవచ్చు. నీళ్ల ట్యాంకు ఇంటి దగ్గరే నింపుకుని, మురుగు ట్యాంకు ఖాళీ చేసుకుని బయలుదేరడం మంచిది.

1962లో మొదలైన ఆ ట్రాక్‌పై పాత బండ్ల పందేలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ నా ప్రాణమంతా సంత మీదే. టార్పాలిన్ పట్టాల మీద పరచిన కార్బురేటర్లు, తుప్పు పట్టిన పెట్రోలు ట్యాంకుల నడుమ చెక్ దేశంలో తయారైన ఒక జావా మోటారు సైకిల్ కనిపించింది. గేరు రాడ్‌నే లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్ రాడ్ అయ్యే ఆ ఏర్పాటును, గుంటూరులో మైసూరులో తయారైన జావా నడిపిన మా నాన్నగారు నా చేయి పట్టుకుని నేర్పించారు. యజమాని అనుమతితో మా అమ్మాయికి అదే చూపించాను. రెండో కిక్కుకే ఇంజను అందుకుంది.