ఐదువందల బిట్ల లెక్క

ఎన్‌సీసీలో ఇవాళ రెండో రోజు. కవాతు ఎన్‌సీసీ కాదు, నేషనల్ కాన్ఫరెన్స్ ఆన్ కమ్యూనికేషన్స్. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 1995 నుంచి ఏటా ఒకచోట పెడుతున్నాయి. 2024లో ఐఐటీ మద్రాసు వంతు. పొద్దున హాలుకి నడుస్తుంటే దారి పక్కన జింకలు మేస్తున్నాయి. జనం ఫోన్లు పట్టుకుని మీదమీదకి వెళ్తున్నా తలెత్తి చూస్తేగా! ఎండ మాత్రం ఫిబ్రవరి అని జాలి చూపలేదు.

పొద్దుటి టాకుల గురించి రాయడానికి పెద్దగా లేదు. స్లైడు నిండా ఈక్వేషన్లు కుక్కి "ఇది తేలికే" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. పోలార్ కోడ్ల మీద, అంటే దారిలో బిట్లు చెడినా సరిచేసుకునే ఒక రకం కోడ్ల మీద, మాట్లాడినాయన నయం. బోర్డు మీద రెండు చానెళ్ళు (బిట్లు వెళ్ళే దారులు) గీసి, వాటిని కలిపితే ఒకటి బాగుపడి ఇంకోటి ఎలా పాడవుతుందో చూపించాడు. 2009లో టర్కీ ప్రొఫెసర్ అరికాన్ ప్రచురించిన ఆ పనే ఇప్పుడు 5జీలో ఫోనూ టవరూ ఆదేశాలు ఇచ్చిపుచ్చుకునే కంట్రోల్ చానెళ్ళలో ఉంది.

మధ్యాహ్నం నా పోస్టర్. చిన్న ప్యాకెట్ల మీద, అంటే కొద్ది బిట్లలోనే పంపే మెసేజ్‌ల మీద. ప్రొఫెసర్లు ఓ చూపు పడేసి కాఫీ వైపు వెళ్ళిపోయారు. ఆగింది విశాఖ నుంచి వచ్చిన ఓ బీటెక్ కుర్రాడు. మెడలో ట్యాగు మీద నా పేరు చూసి తెలుగులోకి దిగిపోయాడు. "అక్కా, కెపాసిటీ దాకా తప్పుల్లేకుండా పంపొచ్చని షానన్ చెప్పాడు కదా, మీ గ్రాఫేంటి అంత కింద ఉంది?"

అసలు అడగాల్సిందే అది. కెపాసిటీ అంటే పంపే ఒక్కో బిట్‌కి చానెల్ మోయగల సమాచారపు హద్దు. 1948లో, ఇన్ఫర్మేషన్ థియరీకి పునాది వేసిన షానన్ ఇచ్చిన హామీ, కోడ్ పొడుగు (ఒక విడతలో పంపే బిట్ల లెక్క) ఎంతైనా పెంచుకోగలిగితేనే. ప్రోగ్రామ్ షీటు వెనక్కి తిప్పి లెక్క వేశాను. నూటికి 11 బిట్లు తారుమారయ్యే చానెల్, కెపాసిటీ అర బిట్. ఆ లెక్కన 500 బిట్లలో 250 సమాచారం పట్టాలి. కానీ వెయ్యింటికి ఒక్క ప్యాకెట్ మించి పోకూడదంటే, ఎంత గొప్ప కోడ్ రాసినా 190 దగ్గర ఆగిపోతాం. సగటున 55 బిట్లు చెడతాయి గానీ, ఒక్కోసారి డెబ్బై దాటుతాయి. ఆ గ్రహచారానికి ముందే చోటు వదలాలి. పొడుగు నాలుగింతలు చేస్తే బిట్టుకి పడే నష్టం సుమారు సగానికి దిగుతుంది.

"అంటే సెన్సర్లు పంపే చిన్న మెసేజ్‌లకి ఈ దెబ్బ తప్పదన్నమాట." అంతే మరి!

పక్క పోస్టర్ రాడార్‌ది, నిండా సీఆర్‌బీ గ్రాఫులే. సీఆర్‌బీ అంటే క్రామర్-రావు బౌండ్, అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే హద్దు. అందులో రెండో పేరు గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావుగారిదని, ఆయన ఆంధ్రా యూనివర్సిటీలోనే లెక్కల్లో ఎం.ఏ. చేశారని, 1945 నాటి పేపర్ అని చెబితే కుర్రాడు నమ్మలేదు. ఫోన్‌లో వెతికి చూసుకుని, ఆ పోస్టర్ ముందు సెల్ఫీ దిగాడు.

రాత్రి భోజనాల దగ్గర సాంబారన్నం ప్లేటుతో మళ్ళీ వచ్చాడు. "ఇందులో ఉద్యోగాలుంటాయా అక్కా? ఇంట్లో సాఫ్ట్‌వేర్ అంటున్నారు." మోడెమ్ చిప్పులు చేసే కంపెనీలకి ఈ లెక్కలొచ్చినవాళ్ళు కావాలని చెప్పాను. పీహెచ్‌డీ స్టైపెండ్ సంగతి వాడు అడగలేదు, నేనూ ఎత్తలేదు.