ఉప్పు రోడ్ల నుంచి వచ్చిన కారు

ఆ కారు మూడోసారి గ్యారేజీకి తిరిగి వచ్చిన రోజు నాకు అన్నం సహించలేదు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పనిలో చేరి అప్పటికి ఏడు నెలలు. అమెరికాలో వేలంలో కొని, ఓడల్లో తెచ్చి, షార్జాలో బాగుచేసి అమ్మే కార్ల వ్యాపారం అక్కడ పెద్దది. ఇది కూడా అలా వచ్చిన బండే. డ్యాష్‌బోర్డులో ఇంజిన్ లైటు వెలుగుతోంది. స్కానర్ పెడితే పి0456 అని కోడ్. పెట్రోల్ ఆవిరి పోయే దారిలో ఎక్కడో చాలా చిన్న లీకు ఉందని అర్థం.

మొదటిసారి ట్యాంకు మూత మార్చాను. ఈ కోడ్‌కు ముందు చూడాల్సింది మూతే, దాని రబ్బరు ఎండి పగులుతుంది. లైటు ఆర్పి పంపిస్తే నాలుగు రోజులకు మళ్లీ వెలిగింది. రెండోసారి ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వ్ మార్చాను. కరెంటు లేనప్పుడు ఆ వాల్వ్ మూసుకుని ఉండాలి, చేతి పంపు తగిలిస్తే వాక్యూమ్ నిలబడాలి. పాతదాన్ని అలా ఒక్కసారి చూసి ఉంటే అది బాగానే ఉందని తెలిసేది. చూడలేదు. మూడోసారి కస్టమర్ గట్టిగా అరిచాడు. ఓనర్ ఆయన డబ్బు వాపస్ ఇచ్చి, వాల్వ్ ఖరీదు నా జీతంలో కోశాడు. ఆ నెల ఇంటికి తక్కువ పంపాను. వీసా కోసం తెచ్చిన అప్పు మిత్తి అమ్మ ఎట్లా కట్టిందో నేను అడగలేదు, తను చెప్పలేదు.

మా ఫోర్‌మన్ పెషావర్ మనిషి. అందరం ఉస్తాద్ అంటాం. మా కొండమల్లేపల్లి చౌరస్తాలో లారీ డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న ఉర్దూ నాకు అక్కడ అన్నం పెట్టింది. ఆయన తిట్టలేదు. "ముందు లీకు నాకు చూపించు, తర్వాత స్పానర్ పట్టు" అని స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

ట్యాంకులోంచి ఆవిరి ఎప్పుడూ లేస్తూనే ఉంటుంది, జూలై ఎండలో మరీ ఎక్కువ. దాన్ని గాలిలోకి పోనీయకుండా క్యానిస్టర్ అనే బొగ్గు డబ్బా పీల్చుకుంటుంది. ఇంజిన్ నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే, వెంట్ అనే బయటి గాలి దారి నుంచి వచ్చే గాలి ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి లాక్కుపోతుంది, అక్కడ కాలిపోతుంది. లీకు ఉందా లేదా అన్నది బండిలోని కంప్యూటరే చూసుకుంటుంది. చాలా బండ్లలో వెంట్ మూసి, కొంచెం వాక్యూమ్ పుట్టించి, అది నిలుస్తుందా లేదా అని కనిపెడుతుంది. 1996 నుంచి అమెరికా కార్లకు ఓబీడీ-2, అంటే బండి తన లోపాలు తనే కనిపెట్టే ఏర్పాటు, తప్పనిసరి అయ్యాక ఈ తెలివి వాటికి వచ్చింది. అర మిల్లీమీటరు రంధ్రం చాలు, లైటు వెలుగుతుంది. కానీ బండి చల్లబడి ఉండాలి, ట్యాంకు మరీ ఖాళీగా, మరీ నిండుగా ఉండకూడదు. సుమారు 15 నుంచి 85 శాతం మధ్య ఉంటేనే ఆ పరీక్ష జరుగుతుంది. అందుకే లైటు ఆర్పగానే పని అయిపోయిందనుకున్నాను, నాలుగు రోజులకు గానీ నిజం బయటపడలేదు.

ఉస్తాద్ పొగ మిషన్ తెప్పించాడు. లోపల నూనె వేడెక్కి తెల్లటి పొగ వస్తుంది. స్కానర్‌తో వెంట్ వాల్వ్ మూయించి, పొగ లోపలికి వదిలాం. ప్రెషర్ అర పి.ఎస్.ఐ. దాటనివ్వలేదు, ఎక్కువైతే బాగున్న జాయింట్లే ఊడతాయి. పొగ చెదరకుండా ఫ్యాన్లన్నీ ఆపించాడు. చెమట కళ్లలోకి కారుతోంది. టార్చి పట్టుకుని పైపు పైపూ చూస్తూ పోయాను. వెనక చక్రం పైనున్న ప్లాస్టిక్ కవర్ విప్పాక కనపడింది. పెట్రోల్ పోసే గొట్టం మెడ దగ్గర, దారప్పోగు అంత సన్నగా, ఊదుబత్తి నుంచి లేచినట్టు పొగ.

ఉస్తాద్ గోటితో గీకితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. "ఇది ఇక్కడి తుప్పు కాదు" అన్నాడు. అమెరికాలో మంచు పడే రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్లు కవర్ వెనక చేరి ఏళ్ల తరబడి ఇనుమును తిన్నాయి. అక్కడి చలికాలాల దెబ్బ ఈ ఎడారిలో బయటపడింది. ఆ బండి మీద నాకున్న కోపం అప్పుడే పోయింది.

కొత్త గొట్టం వేశాం. వారం తర్వాత స్కానర్ పెడితే పరీక్ష పూర్తయినట్టు చూపింది, కోడ్ లేదు.

ఆ రాత్రి నాయినకు ఫోన్ చేశాను. సాగర్ రోడ్డు మీద ముప్పై ఏళ్లు పంక్చర్ షాపు నడిపిన మనిషి. అంతా విని, "తొట్టి లేకుండ ఎట్ల దొరికిందిరా?" అన్నాడు.

"పొగ పెట్టినం నాయినా."

"నీళ్లల్ల బుడగ చూసినట్టే గదా. చిన్నప్పుడు నీతోని ఎన్ని ట్యూబులు ముంచిపిచ్చిన?"

బడి నుంచి వచ్చి నేను చేసిన పని అదే. ట్యూబును తొట్టిలో తిప్పుతూ బుడగ లేచిన చోట వేలు పెట్టి పట్టుకోవాలి. తొందరపడి తీస్తే ఆ చోటు దొరకదు, మళ్లీ మొదటి నుంచి ముంచాలి. అంత తెలిసి కూడా షార్జాలో రెండు పార్టులు ఊరికే మార్చాను.

దసరాకు ఇంటికొస్తే మా బావ కారు ఫుల్ ట్యాంకు చేయించినప్పుడల్లా స్టార్ట్ కాక సతాయిస్తోంది, లోపల పెట్రోల్ వాసన. "పంపు టక్కుమన్నాక కూడా పోయిస్తున్నవా బావా?" అని అడిగితే, రౌండ్ ఫిగర్ చేయమంటాను అన్నాడు. అట్లా ఎక్కువ పోసిన పెట్రోల్ క్యానిస్టర్‌లోకి దిగి బొగ్గును తడిపేస్తుంది. డబ్బా విప్పి వంచితే పెట్రోల్ కారింది. మార్చక తప్పలేదు.

షార్జా నుంచి ఆ తుప్పు గొట్టం ముక్క బట్టల్లో చుట్టి తెచ్చాను. నాయిన దాని ఒక చివర పాత ట్యూబు రబ్బరుతో బిగించి కట్టాడు, రెండో చివర పంపు పైపు పెట్టి చుట్టాడు. తొట్టి నింపాడు. నేను మెల్లగా గాలి కొడుతుంటే ఆయన ముక్కను నీళ్లలో తిప్పుతూ పోయాడు. ఒక చోట సన్నటి బుడగలు వరసగా లేచాయి. నాయిన కళ్లద్దాలు పైకి నెట్టుకుని, దాని మీద బొటనవేలు పెట్టి అట్లాగే పట్టుకున్నాడు.