తేనెటీగల పెట్టెల్ని నల్గొండ ఎండలు దాటించడం: నా అనుభవం

తేనెటీగల క్లబ్బులో చేరడానికి కొత్తవాళ్లు ఎక్కువగా జనవరి, ఫిబ్రవరిల్లో వస్తారు. అప్పుడు బత్తాయి తోటలు పూత మీద ఉంటాయి, తేనె తీసే మిషన్ తిప్పాలని అందరికీ ఉబలాటం. నన్నడిగితే పాఠం మార్చి ఆఖర్లో మొదలవ్వాలి. మన దగ్గర తేనె తీయడం కష్టం కాదు. ఎండకాలంలో ఈగల్ని బతికించడమే అసలు పని. క్లబ్బు వాళ్లతో కలిసి నేను చేసే తీరు చెప్తున్నా. ఇదంతా పది ఫ్రేముల (ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాల) పెట్టెల్లో పెంచే ఇటాలియన్ ఈగల సంగతి.

వేసవి లెక్క చివరి తేనె తీసేనాడే తేలుతుంది. తేనె నిండే పై గదిలోది తీస్తాం, కింద రాణి గుడ్లు పెట్టే పిల్లల గదిలోది ముట్టుకోం. మైనం మూతలు పడ్డ నిండు తేనె ఫ్రేములు కనీసం రెండు మిగలాలి. ఒక్కో దాంట్లో రెండు కిలోల పైమాటే ఉంటుంది కాబట్టి చేయి లాగుతుంది, నిజమే. వాటిని కూడా పిండుకుంటే మే నెలలో చక్కెర బస్తా మోయాలి.

తర్వాత ఈగలు ఎన్ని ఫ్రేములు కప్పుకున్నాయో చూస్తాం. నాలుగుకు తగ్గితే ఆ పెట్టెను ఇంకో దాంతో కలిపేయడమే. పొద్దుగూకే వేళ బలహీన పెట్టెలోని రాణిని తీసేసి, బలమైన పెట్టె మీద ఒక పొర పేపరు పరిచి, గుండుసూదితో చిల్లులు పొడిచి, రెండో గదిని దాని మీద పెడతాం. ఈగలు రెండు మూడు రోజుల్లో పేపరు కొరికేస్తాయి; అప్పటికి వాసనలు కలిసిపోయి కొట్లాట ఉండదు. పెట్టెల సంఖ్య తగ్గుతుందని కొత్తవాళ్లకు మనసొప్పదు. రెండు పెట్టెలూ జూన్‌లో ఖాళీ అవడం కన్నా ఒక్కటి నిలబడటం నయం.

ఈగలు కప్పని పట్టు ఒక్కటి కూడా లోపల వదలొద్దు. మైనపు పురుగు గుడ్లు పెట్టేది దాంట్లోనే. అలాంటి ఫ్రేములను బయట గాలి చొరని పెట్టెలో పేర్చి గంధకం పొగ వేస్తాం. ఆ పొగకు పురుగులు చస్తాయి, గుడ్లు చావవు. అందుకే రెండు వారాలకు మళ్లీ వేయాలి. చాలామంది పట్టు పోగొట్టుకునేది ఈ రెండో పొగ మరిచే.

బయట 43 డిగ్రీలున్నా పిల్లల గది 35 దగ్గరే ఉండాలి. ఈగలు నీళ్లు తెచ్చి లోపల అద్ది, రెక్కలతో విసురుకుంటాయి. అందుకే పెట్టెలు వేప కిందో మామిడి కిందో, మధ్యాహ్నపు ఎండ తగలని జాగలో పెట్టాలి. మూత మీద తడి గోనె వేయాలి. వెడల్పు తొట్టిలో రాళ్లు పేర్చి, రాళ్ల తలలు తేలేంత నీళ్లు పోస్తే ఈగలు మునగవు. తొట్టి ఒక్కరోజు ఎండితే పక్కింటి బర్రెల కుడితి గాబు మరుగుతాయి. మళ్లీ మళ్లించడం చాలా కష్టం. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు లేకపోతే చీమలు చేరతాయి. పెట్టె తెరవడం పొద్దున ఎనిమిదిలోపే.

మార్చి, ఏప్రిల్‌లలో వేప, ఆ తర్వాత కానుగ కొంత ఆదుకుంటాయి. వాటి పూత రాలాక మేత పెట్టక తప్పదు. లీటరు నీళ్లు కాచి దించి, కిలో చక్కెర కరిగించి, పూర్తిగా చల్లారనివ్వాలి. చక్కెరతో పాటే కాచి మాడ్చొద్దు. బెల్లం అసలే వద్దు, ఈగలకు విరేచనాలు పట్టుకుంటాయి. ఎక్కడిదో తేనె పోస్తే దాంతో రోగం కూడా వస్తుంది. చీకటి పడ్డాక, అన్ని పెట్టెలకూ ఒకే సాయంత్రం, తెల్లారేలోపు తాగేంత, అంటే బలాన్ని బట్టి మూడు నుంచి ఐదు వందల మిల్లీలీటర్లు లోపలే పెట్టాలి. గిన్నెలో పుల్లలు వేయాలి, చుక్క బయట ఒలకొద్దు. పగలు పోస్తే ఆ వాసనకు బలమైన పెట్టె ఈగలు బలహీన పెట్టె మీద పడి దోచేస్తాయి. గాలి కోసమని ద్వారం బార్లా తెరిచేవాళ్లదీ ఇదే గతి. ద్వారం రెండు వేళ్ల వెడల్పు చాలు, గాలి పై మూత కింది జాలీ నుంచి రావాలి.

పుప్పొడి లేకపోతే రాణి గుడ్లు ఆపేస్తుంది. నూనె తీసిన సోయా పిండి మూడు పాళ్లు, ఈస్టు పొడి ఒక పాలు, వెన్న తీసిన పాలపొడి ఒక పాలు, చక్కెర పాకంతో ముద్ద చేసి వంద గ్రాములు ఫ్రేముల మీద పెడతాం.

ఈగల్నీ పిల్లల్నీ పట్టి పీల్చే వరోవా నల్లి లెక్క కూడా అప్పుడే. రాణి లేదని చూసుకుని, పిల్లల ఫ్రేము నుంచి అర కప్పు, సుమారు 300 ఈగల్ని జాలీ మూత సీసాలో పోసి, రెండు పెద్ద చెంచాల చక్కెర పొడి వేసి నిమిషం దొర్లించి, తెల్ల పళ్లెంలో దులపాలి. తొమ్మిది నల్లులు దాటితే మందు వేయాలి. మందుల్లో ఫార్మిక్ యాసిడ్ ఈ ఎండల్లో రాణినే చంపొచ్చు. మైనం మూత పడ్డ అరల్లోని పిల్లలు తగ్గిన రోజుల్లో ఆక్సాలిక్ యాసిడ్ పనిచేస్తుంది: లీటరు పాకానికి 35 గ్రాములు, ఫ్రేముల సందుకు 5 మిల్లీలీటర్లు, పై గది లేనప్పుడే. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి.

వానలు పడి మొక్కజొన్న మగపూత పుప్పొడి రాల్చినప్పుడు పిండి ముద్దలు ఆపేస్తాం. పత్తి మీద మందు కొట్టడం కూడా ఆ రోజుల్లోనే ఊపందుకుంటుంది. చుట్టుపక్కల రైతుల్ని ముందే అడిగి, కొట్టే రోజుకు ముందు రాత్రి పెట్టెల్ని మూడు కిలోమీటర్ల అవతలికి మార్చేస్తాం.