నీలం డ్రైవ్ 42 రోజులు దూరంగా ఉండిపోయినప్పుడు

నా ఫైళ్లన్నీ జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లను అమర్చి నిర్వహించే ఏర్పాటు) మీద ఉంటాయి. బ్యాకప్ కోసం 4 టెరాబైట్ల ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లు రెండు పెట్టుకుని, గుర్తుకోసం ఒకదానికి ఎర్ర స్టిక్కరు, రెండవదానికి నీలం స్టిక్కరు అంటించాను. ఒకటి నా బల్ల మీద ఉంటే మరొకటి వేరే చోట భద్రంగా ఉంటుంది. రెండు వారాలకొకసారి వాటి స్థానాలు మారుస్తాను. ఒకసారి పనుల ఒత్తిడిలో నీలం డ్రైవ్ 42 రోజులు అక్కడే ఉండిపోయింది.

తీరా తెచ్చి తగిలిస్తే బ్యాకప్ మొదటి అడుగులోనే ఆగిపోయింది. స్నాప్‌షాట్ అంటే ఒక క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే నిలిపి ఉంచేది. జెడ్‌ఎఫ్‌ఎస్ పాత స్నాప్‌షాట్‌కూ కొత్త స్నాప్‌షాట్‌కూ మధ్య మారిన బ్లాకులను మాత్రమే పంపుతుంది. అందుకు ఆ పాత స్నాప్‌షాట్ డ్రైవ్‌లో ఉండాలి, పంపే వైపున కూడా ఉండాలి. నా స్క్రిప్టేమో కంప్యూటర్‌లో 30 రోజులు దాటిన స్నాప్‌షాట్‌లను రోజూ తొలగిస్తోంది. ఏ డ్రైవ్ ఎక్కడిదాకా వచ్చి ఆగిందన్న ఆలోచన దానికి లేదు, నిజం చెప్పాలంటే రాసిన నాకూ లేదు. నీలం డ్రైవ్‌లోని చివరి స్నాప్‌షాట్‌కు కంప్యూటర్‌లో జత లేకుండా పోయింది.

మొత్తం డేటాను మళ్లీ పంపడమే దారి అనుకున్నాను. అది 2.6 టెరాబైట్లు, నా డ్రైవ్ వేగంతో దాదాపు 7 గంటల పని. సమయం కంటే చోటు పెద్ద సమస్య అయింది. కొత్త ప్రతి పట్టాలంటే నీలం డ్రైవ్‌లోని పాత ప్రతిని, దానితోపాటు నెలల చరిత్రను ముందుగా చెరిపేయాలి. చేతిలో ఉన్న రెండు బ్యాకప్‌లలో ఒకదాన్ని నా చేతులతో నేనే తుడిచివేయడానికి మనసొప్పలేదు.

అప్పుడు ఎర్ర డ్రైవ్ గుర్తుకు వచ్చింది. అందులో పాతవి తొలగించే ఏర్పాటు నేనెన్నడూ చేయలేదు. స్నాప్‌షాట్‌లు సరిపోలుతున్నాయో లేదో జెడ్‌ఎఫ్‌ఎస్ చూసేది పేరును బట్టి కాదు, జీయూఐడీ అనే సంఖ్యను బట్టి. ఒక స్నాప్‌షాట్‌ను వేరే డ్రైవ్‌కు పంపినా ఆ సంఖ్య మారదు. రెండు డ్రైవ్‌లలోనూ ఆ పాత స్నాప్‌షాట్ జీయూఐడీని అడిగి, రెండు పొడవాటి సంఖ్యలను ఒకదాని కింద ఒకటి పెట్టి అంకె అంకె పోల్చాను. ఒక్క అంకె కూడా తేడా లేదు. కంప్యూటర్ ఇవ్వలేని తేడాను ఎర్ర డ్రైవ్ నీలం డ్రైవ్‌కు ఇవ్వగలదన్నమాట. (రెండు బ్యాకప్‌లూ ఒకే యంత్రానికి తగిలించి ఉన్నంతసేపూ నాకు కుదురు లేదు.)

అక్కడా ఒక చిక్కు వచ్చింది. చివరి స్నాప్‌షాట్ తరువాత గమ్యంలో మార్పులు జరిగాయని జెడ్‌ఎఫ్‌ఎస్ పంపకాన్ని నిరాకరించింది. ఎప్పుడో ఒక ఫోటో కోసం నీలం డ్రైవ్‌ను తెరిచి వెతికాను; ఫైలును చదివిన సమయం నమోదు కావడం కూడా మార్పే. స్వీకరించే ఆదేశానికి పెద్ద ఎఫ్ (-F) అనే ఆప్షన్ చేర్చి, డ్రైవ్‌ను దాని చివరి స్నాప్‌షాట్ స్థితికి వెనక్కి తీసుకువెళ్లాను. ఈ ఎఫ్‌ను పెద్ద ఆర్ (-R) ఆప్షన్‌తో చేసిన ఇంక్రిమెంటల్ (తేడాను మాత్రమే పంపే) పంపకానికి కలిపితే, పంపే వైపున లేని స్నాప్‌షాట్‌లు గమ్యంలోనూ నాశనమవుతాయి కనుక ఆర్‌ను దగ్గరికి రానివ్వలేదు. ఆ తరువాత రెండు డ్రైవ్‌లకూ రీడ్‌ఓన్లీ (చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేని అమరిక) పెట్టేశాను. అది ఉన్నా కొత్త స్నాప్‌షాట్‌ల స్వీకరణకు అడ్డు రాదు.

ఇప్పుడు ప్రతి పంపకం పూర్తి కాగానే స్క్రిప్టు కంప్యూటర్‌లోని ఆ స్నాప్‌షాట్‌కు డ్రైవ్ రంగు పేరుతో ఒక హోల్డ్ వేసి, అదే డ్రైవ్ కోసం అంతకు ముందు వేసిన హోల్డ్‌ను విడిచిపెడుతుంది. హోల్డ్ ఉన్న స్నాప్‌షాట్ తొలగింపుకు లొంగదు, కాకపోతే దాని పాత డేటా చోటు ఆక్రమించుకునే ఉంటుంది. అందుకని పక్కనే ఒక బుక్‌మార్క్ (డేటా ఏదీ దాచకుండా, ఆ స్నాప్‌షాట్ ఏ దశలో తీసిందో మాత్రమే గుర్తుంచుకునే చిన్న నమోదు) కూడా చేయిస్తున్నాను. చోటు కరవై స్నాప్‌షాట్‌ను వదులుకోవలసి వచ్చినా, దాదాపు ఏ చోటూ తినని ఆ బుక్‌మార్క్ నుంచి తేడాను పంపవచ్చు. మధ్యలోని స్నాప్‌షాట్‌లు మాత్రం వెళ్లవు.

ఈమధ్య నీలం డ్రైవ్ మళ్లీ 35 రోజులు దూరంగా ఉండిపోయింది. లాగ్‌లో ఐదు రోజులపాటు ఒకే స్నాప్‌షాట్ దగ్గర ‘బిజీ’ అన్న సందేశం కనిపించింది; తొలగింపును హోల్డ్ ఆపిందన్నమాట. డ్రైవ్ తగిలించాక 60 గిగాబైట్ల తేడా 9 నిమిషాలలో చేరింది.