మూలబంధం పట్టే ముందు: పెల్విక్ ఫ్లోర్ నిర్మాణం, శ్వాస, వదలడం

యోగాభ్యాసంలో మూలబంధం (కటి అడుగున ఉన్న పెల్విక్ ఫ్లోర్ కండరాలను పైకి లాగి పట్టడం) గురించి వినిపించే సూచనలు దాదాపు అన్నీ ఒకే దిశలో ఉంటాయి: పైకి లాగండి, బిగించండి, పట్టి ఉంచండి. ఆసనం మారినా శ్వాస మారినా ఆ సూచన మాత్రం మారదు. కొన్ని సంప్రదాయాల్లో అభ్యాసం మొదలైన క్షణం నుంచి శవాసనం దాకా బంధాన్ని వదలకూడదనే నియమం కూడా ఉంది. ఆ కండరాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో, శ్వాసతో వాటికి ఉన్న సంబంధం ఏమిటో తెలియకుండా ఈ సూచనను పాటించేవారు చాలాసార్లు పిరుదులను, తొడలను, పొట్టను బిగించి అదే మూలబంధం అనుకుంటారు. ఏళ్ల తరబడి సాధన చేస్తూ, మరికొందరికి నేర్పుతూ నేను ఏర్పరచుకున్న అభిప్రాయం ఒకటే. ఈ కండరాలను వదలడం రానివారికి బిగించడం కూడా సరిగా రాదు. ఎందుకో చెప్పాలంటే ముందు శరీర నిర్మాణంలోకి వెళ్లక తప్పదు.

గట్టి కుర్చీలో నిటారుగా కూర్చుని రెండు అరచేతులనూ పిరుదుల కిందికి పోనిస్తే రెండు ఎముకల మొనలు స్పష్టంగా తగులుతాయి. కూర్చున్నప్పుడు మన బరువును మోసేవి అవే. ముందువైపు, పొత్తికడుపు చివర చేతికి గట్టిగా తగిలేది జఘనాస్థి; వెనుకవైపు, వెన్ను చిట్టచివర ఉన్నది తోకఎముక. ఈ నాలుగింటినీ గీతలతో కలిపితే డైమండు ఆకారం వస్తుంది. కూర్చునే ఎముకలు రెండింటి మధ్య అడ్డంగా ఇంకొక గీత గీస్తే అది రెండు త్రిభుజాలుగా విడిపోతుంది. ముందు త్రిభుజంలో మూత్రద్వారం, స్త్రీలలో దానితో పాటు యోనిద్వారం ఉంటాయి. వెనుక త్రిభుజంలో మలద్వారం ఉంటుంది. ఆ అడ్డగీత మధ్యలో, అంటే జననాంగానికీ మలద్వారానికీ నడుమ, అనేక కండరాల కొసలు వచ్చి కలిసే చిన్న గట్టి ముడి ఒకటి ఉంది. హఠయోగ గ్రంథాలు మడమతో నొక్కమని చెప్పే చోటు ఇదే. ఈ పటం మనసులో స్థిరపడనిదే లోపల ఏది కదులుతున్నదో, ఏది కదలడం లేదో గుర్తుపట్టడం కష్టం.

ఈ డైమండు ఆకారాన్ని కప్పి ఉన్న కండరాలు స్థూలంగా రెండు పొరలు. చర్మానికి దగ్గరగా ఉన్న పొర పలుచనిది; ద్వారాల చుట్టూ ఉండి వాటిని మూయడంలోనూ, లైంగిక స్పందనలోనూ దాని పాత్ర ఎక్కువ. లోపలి పొర మందమైనది, విశాలమైనది. లెవేటర్ యానై అని వైద్యులు పిలిచే ఈ పొర జఘనాస్థి నుంచి తోకఎముక దాకా, కటి గోడ ఒక వైపు నుంచి మరో వైపు దాకా, కొసలు ఎత్తికట్టిన గుడ్డ ఉయ్యాల మాదిరిగా పరుచుకుని ఉంటుంది. మూత్రాశయం, స్త్రీలలో గర్భాశయం, పెద్దపేగు చివరి భాగం దీని ఆసరాతోనే నిలుస్తాయి. దీని కండర తంతువుల్లో ఎక్కువ భాగం నిదానంగా, అలసిపోకుండా, రోజంతా కొద్దిపాటి బిగువుతో పనిచేసేవి; దగ్గు, తుమ్ము వంటివి వచ్చినప్పుడు చటుక్కున స్పందించేవి మిగిలినవి. అంటే మనం ప్రత్యేకంగా పట్టకపోయినా ఈ పొర ఎప్పుడూ కొంత పట్టే ఉంటుంది. త్రికం (తోకఎముకకు పైన ఉన్న వెన్ను భాగం) నుంచి వెలువడే 2, 3, 4వ నాడులు దీనిని నడిపిస్తాయి కాబట్టి స్వయంచాలకంగా పనిచేసే ఈ పొరను మన ఇష్టంతోనూ కదిలించగలం.

లోపలి పొరలోని భాగాలలో అభ్యాసికి అత్యంత ఉపయోగకరమైనది, నా దృష్టిలో, ప్యూబోరెక్టాలిస్. ఇది జఘనాస్థి వెనుక బయలుదేరి, పురీషనాళం వెనుకగా చుట్టి, తిరిగి జఘనాస్థి దగ్గరికే వస్తుంది. దాని లాగుడు వల్ల పురీషనాళం, మలద్వారం కలిసే చోట సుమారు 90 డిగ్రీల వంపు ఏర్పడుతుంది. మలాన్ని నిలిపి ఉంచే ప్రధాన ఏర్పాట్లలో ఈ వంపు ఒకటి. గొంతుక్కూర్చున్నప్పుడు, ఈ కండరం వదులైనప్పుడు ఆ వంపు తెరుచుకుని మార్గం తిన్ననవుతుంది. గొంతుక్కూర్చునే మాలాసనంలో మడమల కింద మడిచిన దుప్పటి ఉంచుకుని కొంతసేపు హాయిగా కూర్చోగలిగినవారికి ఈ తెరుచుకోవడం అనుభవంలోకి వస్తుంది. ఇదే కండరాన్ని వదలలేకపోతే ఎంత ముక్కినా మార్గం తెరుచుకోదు. కొందరిలో మలబద్ధకానికి కారణం ఆహారంలో కాక ఇక్కడ ఉంటుంది.

ఇంకొక సంగతి యోగా బోధనలో అరుదుగా వినిపిస్తుంది. తుంటి కీలును బయటికి తిప్పే ఆబ్ట్యురేటర్ ఇంటర్నస్ అనే కండరం కటి లోపలి పక్క గోడను పరుచుకుని ఉంటుంది. లెవేటర్ యానైలోని కొన్ని తంతువులు ఆ కండరాన్ని కప్పిన పొర మీదనే పుడతాయి. అందుచేత బద్ధకోణాసనం వంటి తుంటి ఆసనాలు పెల్విక్ ఫ్లోర్‌తో సంబంధం లేని విడి వ్యాయామాలు కావు. తుంటి పట్టేసినవారిలో కింది కండరాలు కూడా పట్టేసి ఉండటం తరచుగా చూస్తాం.

ఇక శ్వాస. పక్కటెముకల కింద గొడుగులా ఉన్న డయాఫ్రమ్ అనే కండరం పూరకంలో (గాలి పీల్చినప్పుడు) కిందికి దిగుతుంది. ఉదరంలోని అవయవాలు ఆ ఒత్తిడికి కిందికీ ముందుకూ జరుగుతాయి. వాటికి చోటిస్తూ పెల్విక్ ఫ్లోర్ కూడా కొద్దిగా కిందికి దిగి సాగుతుంది. రేచకంలో (గాలి వదిలినప్పుడు) డయాఫ్రమ్ పైకి వెళుతుంది, పెల్విక్ ఫ్లోర్ కూడా దానంతట అదే పైకి తేలుతుంది. అంటే బిగింపుకు సహజమైన సమయం రేచకం, వదలడానికి సహజమైన సమయం పూరకం. "గాలి పీలుస్తూ పైకి లాగండి" అన్న సూచన, ముఖ్యంగా కొత్తవారికి, పై నుంచి దిగుతున్న ఒత్తిడికి ఎదురుగా కింద తలుపు వేయమనడమే అవుతుంది. అటువంటి బిగింపు బలంగా ఉన్నట్టు అనిపించవచ్చు కానీ, దానిలో శ్వాస పైపైకి వచ్చి ఛాతీలో నిలిచిపోతుంది.

దీనిని తెలుసుకోవడానికి నేను అందరికీ మొదట చెప్పే పద్ధతి చాలా మామూలుది. ఒక చేతి తువాలును సన్నగా, గట్టిగా చుట్టి, కుర్చీ మీద ముందు నుంచి వెనుకకు నిలువుగా పెట్టి, కూర్చునే ఎముకలు రెండూ దానికి అటూ ఇటూ వచ్చేలా దాని మీద కూర్చోవాలి. చేతులు తొడల మీద, పాదాలు నేల మీద, దవడ వదులుగా ఉండాలి. ఏమీ చేయకుండా శ్వాస తీసుకుంటే మొదట ఏమీ తెలియదు. కాసేపటికి పూరకంలో చర్మం తువాలు మీద కొద్దిగా ఒదుగుతున్నట్టు, రేచకం చివర దాని నుంచి విడివడుతున్నట్టు అనిపిస్తుంది. కదలిక చాలా చిన్నది. అది తెలిసిన తరువాతే, రేచకంతో పాటు ఆ పైకి తేలే దిశలో కొద్దిగా సాయం చేయమంటాను. ఆ తరువాతి పూరకంలో తువాలు మీద మళ్లీ ఒదగాలి. ఒదగడం తెలియకపోతే కండరం ఇంకా పట్టే ఉందని అర్థం. అప్పుడు రెండో బిగింపుకు వెళ్లకుండా ఆగి, మరికొన్ని శ్వాసలు ఊరకే తీసుకోవాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే.

బిగింపులోనూ తేడాలున్నాయి. మూత్రాన్ని ఆపుకుంటున్నట్టు చేస్తే ముందుభాగం, అపానవాయువును ఆపుకుంటున్నట్టు చేస్తే వెనుకభాగం ఎక్కువగా స్పందిస్తాయి. మూలబంధంలో మనం వెతికేది ఈ రెండింటి నడుమ ఉన్న ముడి పైకి లేవడం. మొదట్లో ఈ మూడూ కలిసే కదులుతాయి, అందులో తప్పేమీ లేదు. మూత్రాన్ని ఆపుకోవడమన్నది కేవలం ఊహగా వాడుకోవలసినదే తప్ప, నిజంగా మూత్ర విసర్జన మధ్యలో ఆపుతూ దానినే వ్యాయామంగా చేసుకోకూడదు. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా మిగిలిపోయే అలవాటు దానివల్ల ఏర్పడవచ్చు. బిగించినప్పుడు పిరుదులు గట్టిపడి శరీరం కుర్చీ మీద కొద్దిగా పైకి లేస్తే, తొడలు దగ్గరకు వస్తే, శ్వాస ఆగిపోతే పని వేరే కండరాలు చేస్తున్నాయి. అన్నిటికంటే హానికరమైనది పైకి లాగుతున్నామనుకుంటూ కిందికి ముక్కడం.

ఈ చివరి పొరపాటు అరుదైనదేమీ కాదు. అమెరికాలో 1991లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో 47 మంది స్త్రీలకు మాటలతో మాత్రమే క్లుప్తంగా సూచనలిచ్చి బిగించమన్నప్పుడు, దాదాపు సగం మంది మాత్రమే సరిగా చేయగలిగారు. సుమారు నాలుగో వంతు మంది మూత్రం లీకయ్యే సమస్యను పెంచగలిగే రీతిలో చేశారు. ఈ కండరాలను బిగించే 'కీగెల్' వ్యాయామానికి తన పేరును ఇచ్చిన అమెరికన్ గైనకాలజిస్ట్ ఆర్నాల్డ్ కీగెల్ 1948లో తన పద్ధతిని ప్రచురించినప్పుడు, బిగింపు ఒత్తిడిని అంకెలలో చూపే పరికరాన్ని కూడా దానికి జోడించారు. సరిగా చేస్తున్నామో లేదో చేసేవారికి కనిపించాలన్నది ఆయన పట్టింపు. కాలక్రమంలో పరికరం వెనుకబడి, "రోజూ ఇన్నిసార్లు బిగించండి" అన్న సలహా ఒక్కటే జనంలో మిగిలింది. యోగా తరగతిలో ఒక్క వాక్యంతో మూలబంధం నేర్పించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

హఠయోగ ప్రదీపికలో, 15వ శతాబ్దపు ఆ గ్రంథం మూడో అధ్యాయంలో, మూలబంధాన్ని వర్ణించిన తీరు చాలా స్పష్టం: మడమతో ఆ నడిమి చోటును నొక్కి, గుదాన్ని ముడిచి, అపానాన్ని (కిందికి ప్రవహించే ప్రాణవాయువును) పైకి లాగాలి. మడమ అక్కడ చేసే పని ఇంద్రియజ్ఞానానికి సంబంధించినదని నేను భావిస్తాను. చూపుకు అందని చోట ఏది లేవాలో స్పర్శ చెబుతుంది, తువాలు చేసే పని కూడా అదే. ఘేరండ సంహిత చెప్పే అశ్వినీ ముద్ర ఇంకా ఆసక్తికరమైనది, ఎందుకంటే గుదద్వారాన్ని మాటిమాటికీ ముడవడమే కాదు, మాటిమాటికీ తెరవడం కూడా దాని నిర్వచనంలోనే ఉంది. కొత్తవారికి మూలబంధం కంటే ముందు అశ్వినీ ముద్ర నేర్పాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే. నిలిపి ఉంచే శక్తి కంటే ముందు, పూర్తిగా పట్టి పూర్తిగా విడిచే పరిధి రావాలి.

పట్టు ఎక్కువైనవారి సంగతి వేరే చెప్పాలి. పెల్విక్ ఫ్లోర్ సమస్య అనగానే బలహీనత అనే అనుకుంటాం. కానీ ఈ కండరాలు నిరంతరం బిగుసుకుని ఉండేవారూ ఉన్నారు, పురుషుల్లోనూ ఉన్నారు. మూత్రం ధార మొదలవడానికి ఆలస్యం కావడం, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, మలవిసర్జనలో ముక్కవలసి రావడం, సంభోగంలో నొప్పి, కూర్చుంటే తోకఎముక దగ్గర నొప్పి వీరిలో కనిపించవచ్చు. ఎప్పుడూ బిగిసి ఉన్న కండరం అవసరమైనప్పుడు ఇంకా బిగియడానికి చోటుండదు కాబట్టి, వీరిలోనూ దగ్గినప్పుడు మూత్రం లీక్ కావచ్చు. పొట్టను ఎప్పుడూ లోపలికి లాక్కుని నిలబడే అలవాటున్నవారిలో, తీవ్రమైన ఆసన సాధన చేసేవారిలో ఇది ఉందేమో చూసుకోవాలి. వీరికి మూలబంధం మందు కాదు. బాలాసనంలో మోకాళ్లను వెడల్పుగా ఉంచి, శ్వాసను నడుము వెనుకకూ కటి అడుగుకూ పంపడం, సుప్త బద్ధకోణాసనంలో తొడల కింద దిండ్లు పెట్టుకుని బరువంతా వదిలేయడం వీరికి మొదటి అభ్యాసాలు.

ఆసనాల్లో మూలబంధాన్ని వాడుకోవలసిన చోట్లు కొన్నే. సేతుబంధాసనంలో రేచకంతో ముందు కటి అడుగు తేలి, ఆ తరువాత నడుము నేలను వదిలితే, పిరుదులు మొత్తం భారాన్ని లాక్కోకుండా ఉంటాయి. పైన ఉన్నప్పుడు రెండు మూడు శ్వాసలు, దిగేటప్పుడు పూర్తి వదులు. చతురంగ దండాసనం వంటి బలం కావలసిన ఆసనాల్లో ప్రయత్నానికి ఒక్క క్షణం ముందు కొద్దిపాటి బిగింపు చాలు. బలమైన దగ్గుకు ముందు బిగించమని ఫిజియోథెరపిస్టులు నేర్పేదానిలోనూ ఈ క్రమమే ఉంది. వాయువును బయట నిలిపి, పొట్టను లోపలికీ పైకీ లాగే ఉడ్డీయానంలో ఛాతీ విస్తరించి, ఉదరంలో ఒత్తిడి తగ్గి, కింది కండరాలు వాటంతట అవే పైకి వెళతాయి. ఇక్కడ మూలబంధం కలపడం తేలిక. గాలిని లోపల నిలిపి చేసే కుంభకంలో ఒత్తిడి కిందికి ఉంటుంది కనుక అది అనుభవం వచ్చాక చేయవలసిన పని. నిలబడి చేసే మామూలు ఆసనాల్లో, శవాసనంలో దీని గురించి ఆలోచించనవసరమే లేదని నా అభిప్రాయం.

గర్భిణులకు నెలలు నిండేకొద్దీ వదలడమే ముఖ్యమైన అభ్యాసం అవుతుంది, ఎందుకంటే ప్రసవంలో ఈ కండరాలు ఎంతగానో సాగవలసి ఉంటుంది. ప్రసవం తరువాత వైద్యులు అనుమతించాక కూడా దూకుడు ఆసనాలతో కాక, పడుకుని చేసే శ్వాసతోనే మొదలుపెట్టాలి. కింద ఏదో జారుతున్నట్టు బరువుగా అనిపించినా, సాధనలో మూత్రం లీకైనా, బిగించినప్పుడు నొప్పి వచ్చినా ఆ అభ్యాసాన్ని అక్కడితో ఆపి, పెల్విక్ ఫ్లోర్‌లో శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి. బలహీనతో బిగువో వారు పరీక్షించి చెప్పగలరు. తరగతిలో దూరంగా నిలబడి చూసే గురువు, ఎంత అనుభవం ఉన్నా, చెప్పలేరు.