నడుం నొప్పికి ఆపరేషన్ అన్నారు, ఒంటి మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు

నిన్నటి నుంచే మళ్లీ బడికి వెళ్తున్నాను. నొప్పి తగ్గింది గానీ కోపం తగ్గలేదు.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. బియ్యం బస్తా జరుపుతుంటే నడుం పట్టేసింది. మాత్రలు మింగాను, తైలం రాయించుకున్నాను. నొప్పి పిర్ర మీదుగా కాలి బయటి పక్క నుంచి బొటనవేలి దాకా పాకాక శ్రీకాకుళంలో ఓ ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాం. ఓపీ, ఎమ్మారై చకచకా అయిపోయాయి.

డాక్టరు గదిలో నేనింకా కూర్చోనేలేదు. ఫిల్ము లైటుకి పెట్టి, "ఎల్‌ఫోర్, ఎల్‌ఫైవ్ మధ్య డిస్కు జారింది, ఆపరేషనే" అన్నారు. అంటే నడుంలోని చివరి రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు జారిందని. పడుకోమనలేదు, కాలు ఎత్తించలేదు. నొప్పి ఎక్కడెక్కడికి లాగుతోందో చెప్పబోతే "అంతా ఫిల్ములో ఉందమ్మా" అన్నారు. ఆపరేషన్ లేకుండా తగ్గదా అని అడిగాను. తలుపు దగ్గర జనం వింటుండగా మా ఆయన వైపు తిరిగి, "ఈవిడకి చెప్పినా అర్థం కాదు, మీరు కౌంటర్లో మాట్లాడుకోండి" అన్నారు. పదో తరగతికి జీవశాస్త్రం చెప్తాను నేను. వెన్నెముక బొమ్మ పుస్తకం చూడకుండా బోర్డు మీద గీస్తాను. నా దగ్గర చదివిన పిల్లలు డాక్టర్లయ్యారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కౌంటర్లో అమ్మాయి అడ్వాన్సు ఎప్పుడు కడతారంది. లేచి వచ్చేశాం.

తర్వాత విశాఖలో ఇంకో డాక్టరుకి చూపించుకున్నాను. ఆ మేడమ్ ఫిల్ము పక్కన పెట్టి ముందు నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. మోకాలు వంచకుండా కాలు ఎత్తితే సగంలోనే జివ్వుమంది. బొటనవేలు పైకెత్తమని తన వేలితో అదిమి బలం చూశారు, మడమ వెనక చిన్న సుత్తితో కొట్టారు. మూత్రం అదుపు తప్పుతోందా, కూర్చునే చోట తిమ్మిరి ఉందా, జ్వరం, బరువు తగ్గడం, ఇంతకుముందు కేన్సరు ఉన్నాయా అని అడిగారు. ఏవీ లేవు. "నరం నొక్కుకున్న మాట నిజమే టీచరు గారూ, కానీ బలం తగ్గలేదు. ఇలాంటివి చాలావరకు ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గుతాయి. మంచం పట్టకండి, నడవండి" అన్నారు.

నొప్పి లేనివాళ్ల స్కానింగులు చూసిన 2015 నాటి సమీక్షలో ఇరవై ఏళ్ల వయసులో 30 శాతం, ఎనభైల్లో 84 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించిందట. ఫిల్ము ఒక్కటే చూసి కత్తి పట్టేస్తే ఎలాగ మరి? పరీక్షలో తేలిన నరమూ ఫిల్ములో నొక్కుకున్న నరమూ ఒకటే అవ్వాలి, మందులు, ఫిజియోథెరపీ వాడి వారాలు గడిచినా కాలి నొప్పి వదలకూడదు, అప్పుడు ఆపరేషన్ మాట ఆలోచించాలి. నడుంలోనే ఉండే మామూలు నొప్పికి డిస్కు ఆపరేషన్‌తో పెద్దగా ఒరిగేది ఉండదు.

మిమ్మల్ని పడుకోబెట్టి చూడకుండా ఆపరేషన్ అనే డాక్టరు దగ్గర ఒక్క నిమిషం కూర్చోకండి. కానీ మూత్రం బంద్ అయినా, కూర్చునే చోట మొద్దుబారినా, పాదం పైకి లేవక ఈడ్చుకుపోతున్నా ఫిజియోథెరపీ అంటూ ఆగొద్దు. ఆ రాత్రికి రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లిపోండి.